కిక్కు ఊరికే దిగిపోతోందా? పాత బుల్లెట్‌లో కంప్రెషన్ ఎక్కడ పోతోందో పట్టుకోండి

తాళం తీసి జేబులో వేసుకోండి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, హ్యాండిల్ పట్టుకుని, కిక్కు రాడ్డు మెల్లగా నొక్కండి. ఒకచోట గోడ తగిలినట్టు కాలు ఆగాలి. అక్కడ మీ బరువంతా కిక్కు మీద వేసి నిలబడండి. ఇంజను బాగుంటే కొన్ని సెకన్లపాటు అలాగే నిలబడిపోతారు, తర్వాత సుస్సుమంటూ నెమ్మదిగా కిందికి దిగుతారు. బురదలో కాలేసినట్టు సర్రున దిగిపోయారంటే కంప్రెషన్, అంటే పిస్టను సిలిండరులో నొక్కిపట్టే గాలి ఒత్తిడి, ఎక్కడో కారిపోతోంది. (చెప్పులతో ఈ పని వద్దు. రాడ్డు జారితే పిక్క మీద గుర్తు నెలరోజులుంటుంది.)

ఈ లక్షణం చెప్పగానే మెకానిక్కుల దగ్గర వినిపించే మందు ఒకటే: "బోరింగ్ కొట్టించాలి సార్." (సిలిండరు లోపలి గోడ కోసి వెడల్పు చేసి, పెద్ద పిస్టను వేయడం.) నేనూ విన్నాను, కొట్టించాను. మా నాన్న వాడిన బండి. కొత్త పిస్టను, కొత్త రింగులు, లేతు ఖర్చు, పది రోజులు బండి లేకుండా తిరగడం. అంతా అయ్యాక కిక్కు కొడితే మళ్ళీ అదే బురద. చివరికి పంక్చర్ షాపులో కూర్చున్న ఒక పెద్దాయన హ్యాండిల్ దగ్గర డీకంప్రెసర్ (కిక్కు తేలికయ్యేందుకు కంప్రెషన్ వదిలేసే చిన్న లివరు) కేబులు రెండు చుట్లు వదులు చేశాడు. కిక్కు రాయిలా బిగిసింది. టీ డబ్బులు కూడా తీసుకోలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. ఖర్చు లేనివన్నీ ముందు చూడాలి, ఖర్చుతో కూడినవి చివర్లో. హెడ్డు (సిలిండరు మీద బిగించే మూత) దింపడం అన్నిటికన్నా చివర.

ఇక్కడ చెప్పేది పోత ఇనుప సిలిండరున్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 గురించి. మద్రాసులో తయారీ మొదలైన 1955 నుంచి 2010 ప్రాంతం దాకా దాదాపు అదే నమూనాతో నడిచిన ఇంజను అది: 70 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం), 346 సీసీ, వాల్వులను నెట్టి తెరిచే పుష్‌రాడ్లు. మీ దగ్గరున్నది వేరే పాత ఫోర్ స్ట్రోక్ బండైనా పరీక్షల వరస ఇంచుమించు ఇదే. టూ స్ట్రోక్‌లకు, అంటే పాత జావాలకూ యమహా ఆర్‌ఎక్స్‌లకూ, వాల్వుల గొడవ లేదు గనుక దారి వేరు.

అసలు ఇంజను తిరుగుతోందా?

నవ్వకండి. బుల్లెట్‌లో కిక్కు బలం గేర్‌బాక్సు గుండా, క్లచ్ గుండా, ప్రైమరీ చైను మీదుగా ఇంజనుకు చేరుతుంది. క్లచ్ జారుతుంటే కిక్కు దిగుతుంది కానీ పిస్టను కదలదు. కాలికి మాత్రం అచ్చం కంప్రెషన్ పోయినట్టే ఉంటుంది. కుడివైపు పాయింట్ల మూత తీసి, ఎవరినైనా కిక్కు నొక్కమని, లోపల క్యామ్ వైపు చూడండి. కిక్కు దిగుతుంటే అదీ తిరగాలి. కిక్కు దిగి అది ఆగిపోతే తప్పు క్లచ్‌ది. ముందు క్లచ్ కేబులుకు కాస్త ఆట ఉందో లేదో చూసుకోండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. కిక్కు మధ్యలో టకటకా పళ్ళు జారిన చప్పుడొస్తే గేర్‌బాక్సులో కిక్కు రాచెట్ అరిగింది. ఈ రెండింటికీ సిలిండరుతో సంబంధం లేదు.

డీకంప్రెసర్

హ్యాండిల్ మీదున్న ఆ చిన్న లివరు నొక్కితే కేబులు లాగి, ఎగ్జాస్ట్ టాపెట్‌ని (పొగ బయటికి పోయే వాల్వును పుష్‌రాడ్డు ద్వారా తెరిచే ముక్క) కొంచెం పైకి లేపుతుంది. వాల్వు తెరుచుకుంటుంది, గాలి సైలెన్సరులోకి పోతుంది, కిక్కు తేలికవుతుంది. దాని పనే కంప్రెషన్ వదిలేయడం. కేబులు బిగుతుగా ఉంటే మీరు నొక్కకుండానే ఆ పని చేస్తుంటుంది. హ్యాండిల్ మార్చినా, కేబులు కొత్తది వేసినా, తుప్పు పట్టి లోపల ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. కొన్ని బండ్లలో హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పినప్పుడే కేబులు లాగుకుంటుంది. అందుకే హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూడండి.

పరీక్ష తేలిక. లివరు వేలితో కదిపితే మొదట కొంచెం దూరం ఏ బరువూ తగలకుండా రావాలి. అలా రాకపోతే అడ్జస్టరు వదలండి. అనుమానం తీరకపోతే ఇంజను దగ్గర కేబులు కొన పూర్తిగా ఊడదీసి, మళ్ళీ కిక్కు మీద నిలబడి చూడండి. నా సలహా అడిగితే, అనుమానం లేకపోయినా ఊడదీయండి. రెండు నిమిషాల పని. ఇకముందు చేసే పరీక్షలన్నిటికీ ఒక సందేహం తగ్గుతుంది.

టాపెట్లు

ఇంజను పూర్తిగా చల్లారాకే ఇది చేయాలి. రాత్రి నిలిపిన బండి పొద్దున్నే చూడటం మంచిది. ప్లగ్గు తీయండి. ప్లగ్గు కంతకు బొటనవేలు అడ్డం పెట్టి కిక్కు మెల్లగా నొక్కితే ఒకచోట గాలి వేలిని తోస్తుంది. పిస్టను కంప్రెషన్ మీద పైకి వస్తోందన్నమాట. పైకి వచ్చేసిందో లేదో చూడటానికి కొందరు సైకిలు చువ్వ పెడతారు. ప్లగ్గు కంత వాలుగా ఉంటుంది కాబట్టి చువ్వ ఇరుక్కుంటే వంగుతుంది, పిస్టను గీసుకుంటుంది. ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్లో, కూల్‌డ్రింక్ స్ట్రానో పెట్టండి.

పిస్టను పైనున్నప్పుడు సిలిండరు కుడిపక్క టాపెట్ మూత తీస్తే రెండు పుష్‌రాడ్ల అడుగు భాగాలు కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్ని వేళ్ళతో తిప్పండి. తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. తిరగనని మొరాయించే రాడ్డు వాల్వును తెరిచి పట్టుకుని ఉందని అర్థం. ఎగ్జాస్ట్‌ది ఏదో తెలియకపోతే డీకంప్రెసర్ నొక్కించండి. పైకి లేచేదే ఎగ్జాస్ట్ రాడ్డు. (కేబులు ఊడదీసి ఉంటే దాని చివరి లివరు చేత్తో కదిపినా చాలు.)

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రాడ్డు వదులైతే టకటకా చప్పుడు చేస్తుంది, చెవికి తెలుస్తుంది. బిగుసుకున్న రాడ్డు నోరెత్తదు. బండి నిశ్శబ్దంగా నడుస్తోందని మనం సంతోషిస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంటుంది. చప్పుడు నచ్చక టాపెట్లు మరీ బిగించే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. కాస్త టక్కుమనే బుల్లెట్‌నే నేను నమ్ముతాను.

సరిచేసిన రాడ్డు కొన్ని వందల కిలోమీటర్లకే మళ్ళీ బిగుసుకుంటోందా? అయితే వాల్వు సీటు అరుగుతోంది. సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్డులోకి దిగుతుంది, దాని కాడ పైకి వస్తుంది, రాడ్డుకు చోటు తగ్గిపోతుంది. ఒకప్పుడు పెట్రోలులో కలిపే సీసం ఈ సీట్లకు మెత్తలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో సీసం పెట్రోలు ఆగిపోయింది. అంతకు ముందరి హెడ్డు, ఎప్పుడూ సీట్లు మార్చనిది మీ చేతికొచ్చి ఉంటే ఈ అనుమానం పెట్టుకోండి.

బయటి లీకులు

ప్లగ్గు తిరిగి బిగించండి. కింద రింగు ఉందా? పాత ప్లగ్గు రింగు నలిగిపోయి, లేదా అసలు లేకుండా బిగించిన బండ్లు చాలా చూశాను. ఇక హెడ్డుకూ సిలిండరుకూ మధ్య అతుకు చుట్టూ టార్చి వేసి చూడండి. తడి నల్లటి గీత ఎక్కడైనా కనిపిస్తే హెడ్డు ప్యాకింగ్ ఊదుతోంది. సబ్బు నీళ్ళు బ్రష్షుతో అతుకు చుట్టూ, ప్లగ్గు చుట్టూ రాసి ఎవరినైనా కిక్కు నొక్కమనండి. బుడగలొస్తే దొంగ దొరికినట్టే. బండి నడిచేటప్పుడు చిక్ చిక్ చిక్ అనే పిట్టకూత కూడా చాలావరకు ఇదే. హెడ్డు నట్లు వదులైతే ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఎదురెదురు మూలలు చూసుకుంటూ, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకే నట్టును ఒకేసారి పూర్తిగా బిగిస్తే హెడ్డు వంకరపోతుంది.

షెడ్డులో ఏళ్ళ తరబడి నిలిపిన బండైతే

దీనికి వేరే మర్యాద ఉంది. పోత ఇనుప బోరుకు వానాకాలపు చెమ్మ తగిలితే తుప్పు పొర పడుతుంది, రింగులు వాటి గాడుల్లో మసితో అతుక్కుపోతాయి, తెరిచి ఉండిపోయిన వాల్వు సీటు మీద తుప్పు రేకులు చేరతాయి. అలాంటి బండిని కిక్కు కొట్టి బతికించాలని చూడకండి. ప్లగ్గు తీసి కొంచెం పల్చటి నూనె పోసి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో వెనక చక్రం పట్టుకుని ముందుకూ వెనక్కూ చేత్తో మెల్లగా కదపండి. కదిలితే మళ్ళీ నూనె, మళ్ళీ ఒక రోజు. ఇలా విడిపించిన ఇంజను మొదట్లో కంప్రెషన్ చూపించకపోయినా నూరు కిలోమీటర్లు నడిచాక రింగులు వదులై కోలుకోవడం మామూలే. కాబట్టి మొదటి రోజు తీర్పు చెప్పకండి.

దీనికి తమ్ముడి లాంటిది ఇంకొకటి. స్టార్టు కాక చోకు వేసి ముప్ఫై నలభై కిక్కులు కొడితే పెట్రోలు సిలిండరు గోడ మీది నూనెను కడిగేస్తుంది. గోడ పొడిబారితే రింగులు గాలిని ఆపలేవు. ప్లగ్గు కంతలో నాలుగు చుక్కల ఇంజనాయిలు వేసి, చోకు తీసేసి పది కిక్కులు కొడితే తిరిగొస్తుంది.

గేజ్ పెట్టడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అయ్యాక కూడా కిక్కు మెత్తగా ఉంటే కంప్రెషన్ గేజ్ కావాలి. ఈ బండికి 14 మి.మీ. థ్రెడ్డు, పొట్టి మరది సరిపోతుంది. పొడుగు థ్రెడ్డు గేజ్ లోపలికి చొచ్చుకుపోయి వాల్వుకో పిస్టనుకో తగలకుండా చూసుకోండి. తాళం ఆపి, పెట్రోలు ట్యాపు మూసి, చోకు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోండి. యాక్సిలరేటర్ మూసి ఉంటే సిలిండరులోకి గాలే రాదు, మంచి ఇంజను కూడా చచ్చినట్టు కనిపిస్తుంది. ఈ పొరపాటు వల్ల విప్పిన ఇంజన్లు తక్కువేం కాదు.

ముల్లు ఇక పెరగనని ఆగేదాకా ఆరేడు గట్టి కిక్కులు కొట్టండి. మొదటి కిక్కుకు ఎంత, చివరికి ఎంత, రెండూ రాసుకోండి. ఇంటర్నెట్టులో కనిపించే అంకెతో పోల్చి బెంగపడకండి. ఈ ఇంజను కంప్రెషన్ రేషియో (పిస్టను కిందున్నప్పటి చోటు, పైనున్నప్పటి చోటుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఇంచుమించు ఏడే, ఇప్పటి బండ్ల అంకెలు దీనికి నప్పవు. పైగా గేజ్ గొట్టం పొడవు, మీ కాలి బలం కూడా ముల్లును మారుస్తాయి. మనకు కావలసింది పోలిక. మొదటి కిక్కుకు తక్కువొచ్చి మెట్టుమెట్టుగా ఎక్కితే రింగుల వైపు చూపు. మొదటి నుంచీ తక్కువగానే ఉండి అక్కడే నిలిచిపోతే వాల్వు వైపు.

తర్వాత ప్లగ్గు కంతలో నూనె వేసి మళ్ళీ అదే పరీక్ష. నూనె రింగుల సందులు కప్పుతుంది, వాల్వులను మాత్రం ఆదుకోలేదు. అంకె బాగా పెరిగితే రింగులో బోరో. పెరగకపోతే వాల్వులో హెడ్డు ప్యాకింగో. ఇది అందరూ చెప్పేదే. చెప్పనిది ఒకటుంది: ఎంత నూనె? ఈ ఇంజనులో పిస్టను పైనున్నప్పుడు మిగిలే చోటు దాదాపు 55 సీసీ. ఒక టీ స్పూను నూనె 5 సీసీ. ఆ చోటులో పదో వంతు నూనే ఆక్రమిస్తే, రింగులు ఎంత బాగున్నా ముల్లు దాదాపు పదో వంతు పెరిగి తీరుతుంది. రెండు స్పూన్లు పోసి "చూశారా, పెరిగింది, రింగులు పోయాయి" అనేవాళ్ళు మోసగాళ్ళు కాకపోవచ్చు, లెక్క తప్పినవాళ్ళు. అర స్పూను వేసి, కిక్కు రెండుసార్లు మెల్లగా తిప్పి, నూనె చుట్టూ పాకాక కొలవండి. అప్పుడు పదిహేను, ఇరవై శాతం పెరిగితే నమ్మవచ్చు.

గాలి ఎటు పోతోందో వినడం

నాకు గేజ్ కన్నా ఈ పరీక్షంటే ఇష్టం. గేజ్ పోయిందని చెబుతుంది, ఇది ఎటు పోయిందో చెబుతుంది. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ ఇనుప చిప్పకు ట్యూబు వాల్వు ఒకటి ఇత్తడితో అతికించుకోండి. వెల్డింగ్ షాపులో పది నిమిషాల పని. పంక్చర్ షాపు కంప్రెసరు దగ్గరికి బండి తోసుకెళ్ళండి.

పిస్టను కంప్రెషన్ మీద సరిగ్గా పైన ఉండాలి. టాప్ గేరు వేసి, వెనక బ్రేకు ఒకరు గట్టిగా తొక్కి పట్టాలి. గాలి పిస్టనును కిందికి తోస్తుంది, చక్రం ఒక్క ఉదుటున తిరగవచ్చు. చక్రం చువ్వల దగ్గరా, కిక్కు దారిలోనూ చేతులూ కాళ్ళూ పెట్టకండి. గాలి 30 పౌండ్లు దాటక్కర్లేదు. ఇప్పుడు చెవి పనిచేయాలి, కాబట్టి షాపు కుర్రాణ్ణి కాసేపు పాటలు ఆపమనండి.

కార్బురేటర్ నోటి దగ్గర సుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సరు చివర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిలు మూత తీసి చెవి పెడితే, లేదా బ్రీదర్ పైపు దగ్గర గట్టిగా ఊదుతుంటే రింగులు. అతుకు దగ్గర సబ్బు బుడగలైతే ప్యాకింగ్. రింగుల దగ్గర కొంచెం గాలి ఏ ఇంజనులోనైనా జారుతుంది, రింగుకు సందుంటుంది కదా. వాల్వుల దగ్గర మాత్రం ఏమీ వినిపించకూడదు.

సైలెన్సరులో సుస్సు వినిపించిందని వెంటనే హెడ్డు మీద పడకండి. గాలి అలాగే ఉంచి డీకంప్రెసర్ కేబులు తగిలించి, లివరు టపటపా నాలుగైదుసార్లు నొక్కి వదలండి. సీటు మీద మసి పలుకు ఇరుక్కుని ఉంటే గాలి దాన్ని ఎగరగొడుతుంది. సుస్సు ఆగిపోతే మీ డబ్బులు మిగిలినట్టే.

ఇక హెడ్డు దింపడమే

ఇక్కడికొచ్చేసరికి ఏది చెడిందో మీకు తెలుసు, మెకానిక్కుకు చెప్పి మరీ చేయించుకోవచ్చు. హెడ్డు దింపగానే తుడిచేయనివ్వకండి. ప్యాకింగ్ ఊదిన చోట మసి గీత ఉంటుంది, కాలిన వాల్వు అంచు మీద తెల్లటి మచ్చ ఉంటుంది. ఫోటో తీసుకోండి. హెడ్డు తలకిందులు చేసి, ప్లగ్గు బిగించి, వాల్వులు మునిగేలా కిరసనాయిలు పోయండి. పదిహేను నిమిషాల్లో ఏ రంధ్రంలో తడి కనిపిస్తే ఆ వాల్వు కూర్చోవడం లేదు. చిన్న లీకైతే గ్రైండింగ్ పేస్టుతో రుద్ది కూర్చోబెట్టవచ్చు. అంచు కాలి గుంట పడితే పేస్టుతో కాదు, కొత్త వాల్వు, సీటు కటింగ్ కావాలి. వాల్వు కాడ గైడులో పక్కలకు ఆడుతుంటే ముందు గైడు మార్చాలి. వంకరగా దిగే వాల్వును ఎంత రుద్దినా నాలుగు రోజులే.

బోరు కొలవడానికి ఖరీదైన గేజ్ లేకపోయినా పర్వాలేదు. పిస్టను నుంచి పై రింగు తీసి, బోరులో అడుగున, అరుగుదల లేనిచోట పెట్టండి. పిస్టనుతో తోస్తే సమంగా కూర్చుంటుంది. రింగు కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకుల కట్ట) కొలవండి. అదే రింగును పైకి, పై రింగు పైదాకా వెళ్ళి వెనక్కి తిరిగే చోటుకు జరిపి మళ్ళీ కొలవండి. ఆ రెండు కొలతల తేడాను 3.14తో భాగిస్తే బోరు ఎంత అరిగిందో వస్తుంది. కింద 0.35, పైన 0.80 వచ్చిందనుకోండి. తేడా 0.45, అంటే బోరు పైభాగం దాదాపు 0.14 మి.మీ. వెడల్పయింది. కొత్త రింగుకైతే ప్రతి 25 మి.మీ. బోరుకు 0.1 మి.మీ. సందు చొప్పున, అంటే ఈ ఇంజనుకు 0.28 దగ్గర ఉండాలని లేతు వాళ్ళ లెక్క.

బోరు పైఅంచు దగ్గర గోరుతో గీరండి. గట్టు తగిలిందా? అయితే రింగులొక్కటే మార్చి బిగిద్దామనే మాట ఒప్పుకోవద్దు. కొత్త పై రింగు అంచు ఆ గట్టుకు కొట్టుకుని విరుగుతుంది. బోరింగే సరైన దారి. ట్వంటీ, ఫార్టీ అని పిలిచే పిస్టన్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, అంటే అర మి.మీ., 1 మి.మీ. పెద్దవి. ముందు పిస్టను కొని, దాన్ని చేతిలో పట్టుకునే విజయవాడ ఆటోనగర్‌కో, మీ దగ్గరి లేతుకో వెళ్ళండి. పిస్టను చూసి బోరు కోయాలి. గట్టు లేకుండా, బోరు నున్నగా అద్దంలా మెరుస్తూ మాత్రమే ఉంటే కొత్త రింగులు, హోనింగ్ (బోరు గోడను రాపిడి రాళ్ళతో సన్నగా గరుకు చేయడం) చాలు. హోనింగ్ చేసి అడ్డగీతలు పడేయకపోతే కొత్త రింగులు కూర్చోవు.

బిగించేటప్పుడు మూడు రింగుల సందులూ ఒకే వరసలో రాకుండా చుట్టూ సమంగా సర్దించండి, గుర్తున్న రింగు ముఖం పైకి ఉండాలి. బండి ఒకసారి వేడెక్కి రాత్రంతా చల్లారాక హెడ్డు నట్లు మళ్ళీ చూడండి, ఆ వెంటనే టాపెట్లూ చూడండి. నట్లు బిగిస్తే ప్యాకింగ్ అణుగుతుంది, రాడ్డుకు చోటు మారుతుంది. డీకంప్రెసర్ కేబులు అన్నిటికన్నా చివర తగిలించి, లివరు కొసన ఆ కొద్దిపాటి ఆట ఉందో లేదో వేలితో చూసుకున్నాకే తాళం పెట్టండి.